టెంకాయనూనె పేరుకునేలోపల

గిన్నె అంచు ఇంకా తెల్లబడలేదు. టెంకాయనూనెలో ఉన్న మంచి గుణమే అది, దేన్నీ మనసులో పెట్టుకోదు, చలేసిందంటే చలేసిందని మొహాన తెల్లగా చెప్పేస్తుంది, మనుషులే కడుపులో ఏముందో చెప్పకుండా ఏళ్ళకేళ్ళు గడిపేస్తారు, అనుకుంది లక్ష్మీప్రసన్న. అనుకున్నాక కడుపు అన్న మాటకు తనకే నవ్వొచ్చి ఎనిమిదో నెల పొట్ట మీద చెయ్యి వేసుకుంది. స్నానాలగది పక్కనున్న చిన్న గదిలో, ఈతచాప మీద, గోడకు వేసిన దిండుకు వీపు ఆనించి, రంగు వెలిసిన నూలు చీర చుట్టుకుని కూర్చుని ఉంది. ఎదురుగా ముక్కాలిపీట, దాని మీద స్టీలు గిన్నె, గిన్నెలో గోరువెచ్చని నూనె. మార్గశిరం వచ్చిందంటే ప్రొద్దుటూరు లాంటి ఊరికి కూడా చలి అంటే ఏమిటో గుర్తొస్తుంది, కిటికీలోంచి వచ్చే ఎండ ఇంకా చాప కొసను ముట్టుకుని ఆలోచిస్తోంది. చేతులకు రాసుకుంది, మెడకు రాసుకుంది, పొట్టలో తనకు కనిపించే పై సగానికి మెత్తగా రాసుకుంది. కింది సగం ఆమెకు కనబడి నెలలైంది. పాదాలు ఉన్నాయని ఇంట్లోవాళ్ళు చెప్పగా వింటోంది. వీపు సంగతి సరేసరి. ఆ మిగిలిన రాజ్యమంతా ప్రతి శుక్రవారం పక్కింటి ఖమర్‌బీది, ఈవేళ మాత్రం ఖమర్‌బీ రాదు. రావద్దని నిన్న పిట్టగోడ దగ్గర ప్రసన్నే చెప్పింది. ఎందుకంటే ఎల్లుండి పులివెందుల నుంచి నాయన కారు తీసుకుని వస్తాడు, కాన్పుకు తీసుకుపోతాడు, బిడ్డ పుట్టేలోపల ఈ ఇంట్లో ఇదే ఆఖరి నూనెస్నానం. ఈవేళ కూడా అత్త చెయ్యి తన మీద పడకపోతే ఇక పడదు.

అత్త సీతాలక్ష్మి వంటింట్లో ఉంది. ఉన్నట్టు గిన్నెలు చెబుతున్నాయి. ఒకే గిన్నెను ఆమె మూడోసారి తోముతోందని ప్రసన్నకు చప్పుడును బట్టి తెలిసిపోయింది. గిన్నె మీద అంత శ్రద్ధ దేనికో కూడా తెలుసు. మధ్యలో ఉన్నది పది అడుగుల నడవా, దాని మీద నడవడానికి ఆమెకు మూడేళ్ళు చాలలేదు, ఇంకో గంటలో చాలుతుందని తనకెందుకు ఆశ, ఏమో, మొండితనం పులివెందుల నీళ్ళలో ఉందని ఈ ఇంట్లో అందరూ అంటారు కదా, ఆ మాటైనా నిలబెట్టాలి. ఖమర్‌బీ అయితే నిన్న వెంటనే ఒప్పుకోలేదు. "యా అల్లా, నన్ను అబద్ధం చెప్పమంటాండావా బేటీ? అదీ శుక్కురారం పూట?" అని గుండెల మీద చెయ్యి పెట్టుకుంది. "అబద్ధం ఈరోజే చెప్పెయ్ పిన్నమ్మా, శుక్రవారం ఊరికే ఇంట్లో కూర్చో, అంతే," అంది తను. ఖమర్‌బీ కాసేపు ఆలోచించి, అందులో దోషం కనపడక, పిట్టగోడ మీదికి వంగి గట్టిగా కేకేసింది. "సీతక్కా! నేను రేపు జమ్మలమడుగు పోతాండా! మా పాప రేష్మా కాడికి! కొత్తిల్లు చూసేదానికి! మొదటి బస్సుకే పోతా, చీకట్లోనే, ఇంటికి బీగమేస్తా, పెద్ద బీగం, సాయంత్రందాకా రానే రాను!" నిజం ఎప్పుడైనా ఇన్ని వివరాలతో వచ్చిందా. నిజం చెప్పేవాళ్ళు "జమ్మలమడుగు పోతున్నా" అని ఊరుకుంటారు, బీగం సైజు చెప్పరు.

ఖమర్‌బీ చేతులు మంచివి. పెద్దవి, గాజులు మోచేతి దాకా తోసుకుని మొదలుపెడుతుంది, కువైట్ నుంచి మొగుడు గఫూర్ తెచ్చిన బాదంనూనె సీసా కొంగు చాటున తెస్తుంది, పొట్టకు బాదం, మిగతా ఒంటికి టెంకాయ, అది ఆమె చట్టం. గఫూర్ సంవత్సరానికొకసారి వస్తాడు, సీసా మాత్రం ఏడాదంతా ఉంటుంది, "మనిషి కన్నా ఈ సీసాతోనే నేను ఎక్కువ కాపురం చేసినా," అంటుంది, నవ్వుతుంది, నవ్వితే ఆమె పొట్ట, ప్రసన్న పొట్ట రెండూ కదులుతాయి. పులివెందులలో అమ్మ నిర్మలమ్మ ఇంకో రకం, రోజూ ఫోన్ చేస్తుంది, "ఏ నూనె రాస్తాండారు? అయ్యో, అదొక్కటేనా? నేను ఫోన్లో చూసినా, గుమ్మడిగింజల నూనె అంట, ద్రాక్షగింజల నూనె అంట," అని. అమ్మ చేతికి ఫోన్ వచ్చినప్పటి నుంచి లోకంలో నూనె లేని గింజ లేదు. మొగుడు భరద్వాజ్ కూడా ఒకరోజు పాపం నేను రాస్తానని ముందుకొచ్చాడు, జమ్మలమడుగు కాలేజీలో ఫిజిక్సు చెప్పే మనిషి, మోటారుసైకిలు చైనుకు వేసినట్టు ఒక చుక్క వేసి, కాస్త తిప్పి, ఇంకో చుక్క వేసి, వెనక్కి జరిగి చూసి, "సరిపోయిందా?" అని అడిగాడు. కిక్ కొట్టి చూడు అంది తను. లోపలివాళ్ళు, ఉన్నది ఒక్క బిడ్డే అయినా మర్యాద మర్యాదే, నిజంగానే కొట్టారు. ఆ రాత్రి ఎంత నవ్వుకున్నారో. డాక్టరమ్మ మాత్రం ఎవరి పక్షమూ తీసుకోలేదు. చారలు వచ్చే ఒంటికి వస్తాయమ్మా, ఏ నూనె వాటిని ఆపలేదు, కానీ చర్మం ఎండిపోకుండా ఉంటుంది, సాగేటప్పుడు దురద తగ్గుతుంది, మెత్తగా రాయించుకో, పొట్టను పిసకనివ్వకు, ఘాటు వాసన తైలాలు వద్దు, ఆముదం తాగమని ఎవరన్నా అంటే వాళ్ళను నా దగ్గరికి తోలు అంది. ఆ మాటలు ముగ్గురూ విన్నారు. డాక్టరమ్మ బాదం రాయమనిందని ఖమర్‌బీ, గుమ్మడి వద్దనలేదు కదా అని అమ్మ. అత్త మాత్రం వినాల్సింది విన్నట్టు తలూపి, ఇంటికొచ్చి, నూనెగిన్నె వెచ్చచేసి, చాప పరిచి, "ఖమర్‌బీని పిల్చకరాపో," అని తాను పెరట్లోకి వెళ్ళిపోయింది. మొదటి శుక్రవారం నుంచీ అంతే. నూనె ఆమెదే, వెచ్చదనం ఆమెదే, చాప, పీట, తలకు కుంకుడుపులుసు, ఒంటికి శెనగపిండి అన్నీ ఆమెవే. చెయ్యి తప్ప.

ఆ చెయ్యి ప్రసన్నకు తెలుసు, అదే కదా బాధ. ఎన్నడూ తెలియని దానికోసం ఎవరు కాచుకుని కూర్చుంటారు. ఖమర్‌బీ చెయ్యి దుప్పటిలా ఉంటుంది, అమ్మ చెయ్యి మాట్లాడుతూనే ఉంటుంది, అత్త చెయ్యి గరుకు, చింతపండు పిసికీ పిసికీ, తిరగలి తిప్పీ తిప్పీ అరచేతిలో కాయలు, ఆ గరుకు మీద నూనె పడగానే వచ్చే ఒక వింత మెత్తదనం, గరుకుతనమంతా నూనెలో మునిగి అడుగున ఉన్నట్టు, ఏట్లో నీళ్ళ కింద ఇసుక పాదాలకు తగిలినట్టు. మూడేళ్ళ కిందట, మొదటి కడుపప్పుడు, టెంకాయనూనె కాదు, నువ్వులనూనె. గానుగ దగ్గర ఎదురుగా నిలబడి ఆడించుకుని వచ్చేది, వచ్చేటప్పుడు దారంతా కొంగుకు ఆ వాసన. చేతికి రెండు చుక్కలు వేసుకుని రెండు అరచేతులూ కలిపి రుద్దేది, వేడెక్కినాక ముందు తన చెంపకు ఆనించి చూసుకునేది, ఆ తర్వాతనే కోడలి పొట్ట మీద పెట్టేది. ఏమీ మాట్లాడేది కాదు. ఒకసారి మాత్రం, ఎవరితోనో అన్నట్టు, "ఎప్పుడొస్తావురా," అంది. అప్పటికి అయిదో నెల. పొట్ట ఇంకా పొట్టలాగా కూడా లేదు, అన్నం ఎక్కువ తిన్నట్టు ఉంది అంతే. ఆ రావాల్సిన మనిషి రాలేదు. వచ్చే పోయే సంగతులు ఆస్పత్రి కాగితాల్లో వేరే మాటల్లో రాసుకున్నారు, గింజలోనే లోపమమ్మా, ఎవరు చేసిందీ కాదు, ఎవరు ఆపగలిగిందీ కాదు అని డాక్టరమ్మ అందరినీ నిలబెట్టి చెప్పింది. ప్రసన్నకు అర్థమైంది, చదివింది బియస్సీ బాటనీ, పూతంతా కాయ కాదని మొదటి సంవత్సరమే చెప్పారు, పరీక్షలో రాసింది కూడా. అర్థమైతే ఏడుపు ఆగుతుందని మాత్రం ఏ సంవత్సరమూ చెప్పలేదు. ఆమె ఏడ్చి ఏడ్చి మందు మత్తులో నిద్రపోయినప్పుడు చూడటానికి వచ్చిన పద్మావతమ్మ, మామకు దూరపు చెల్లెలు, తెచ్చిన బత్తాయిపండ్లు బల్ల మీద పెట్టి, మంచిమనిషే పాపం, అన్న మాట ఒక్కటే. "నువ్వులు వేడి గదా వదినా. కడుపుతో ఉన్నదాన్ని నువ్వుల దగ్గరికే పోనియ్యరే. ఆ నూనెతోనే రుద్దితివా?" అంతే. బత్తాయిలు కూడా తియ్యటివే తెచ్చిందంట. ఈ సంగతి ఖమర్‌బీ చాలా రోజులకు చెబితే తెలిసింది, ఆమె ఆ పూట అన్నం తీసుకుని వచ్చి తలుపు దగ్గరే ఉందంట, "సీతక్క మొగం అప్పుడు చూడాల్సింది బేటీ, గోడ మీద సున్నం మాదిరి అయిపాయ," అంది.

ఆ రోజు నుంచి ఈ ఇంట్లోకి నువ్వులనూనె చుక్క రాలేదు. ఎవరూ ఏమీ ప్రకటించలేదు. సీసా ఖాళీ అయింది, మళ్ళీ నిండలేదు. ఉసిరికాయ వచ్చింది, మామిడికాయ వచ్చింది, నిమ్మకాయ వచ్చింది, అన్నీ శెనిక్కాయల నూనెలోనే మునిగాయి. మామ వీరభద్రయ్య ముప్ఫై ఏళ్ళు బడిలో తెలుగు చెప్పిన మనిషి, నాలుక మీద నువ్వులనూనెతో పెరిగిన మనిషి, మొదటి రోజు ఆ ఊరగాయ అన్నంలో కలుపుకుని, ఒక ముద్ద తిని, కాసేపు ఆగి, "బాగుంది," అన్నాడు. మూడేళ్ళుగా అదే మాట అదే చోట ఆగి అంటున్నాడు. ఆయన జీవితంలో చెప్పిన అబద్ధాలన్నీ ఆ జాడీలోనే ఉన్నాయి. అత్తకు తను ఎన్నిసార్లు చెప్పిందో, అత్తా అది నూనె వల్ల కాదు, చర్మం మీద రాసింది లోపలికి పోయి బిడ్డను ఏం చేస్తుంది, డాక్టరమ్మే చెప్పింది కదా అని. "నాకు తెల్దా," అనేది అత్త. అంతే. తెలియడం తలకాయలో ఉంటుంది, చెయ్యి తలకాయ మాట వినదు. ప్రసన్నకైనా అంతేగా, ఇప్పటికీ బాత్రూములో కాలు జారినట్టు అనిపిస్తే ముందు చెయ్యి పొట్టకే పోతుంది, తలకు కాదు, ముక్కుకు కాదు.

గిన్నె అంచున సన్నగా తెల్లటి గీత. వచ్చింది. ఒక మూల మొదలై గోరంత మేర. అది అటు చుట్టూ ఇటు చుట్టూ పాకి కలుసుకుంటే చంద్రుడికి గుడి కట్టినట్టు ఉంటుంది, ఆ తర్వాత మధ్యలో కూడా మబ్బు పడుతుంది, అప్పుడు ఇక తనే లేచి నీళ్ళు పోసుకోవాలి. లేవడం ఒక పెద్ద కార్యక్రమం, ముందు పక్కకు ఒరగాలి, ఒక చేత్తో గోడ, ఇంకో చేత్తో దేవుణ్ణి పట్టుకోవాలి. నడవాలో అడుగుల చప్పుడు. ప్రసన్న కళ్ళు మూసుకుంది, మూసుకుని మళ్ళీ తెరిచింది, నిద్రపోయిందనుకుని వెళ్ళిపోతే కష్టం. గుమ్మంలో సీతాలక్ష్మి. చేతిలో ఆ తోమిన గిన్నె ఇంకా ఉంది.

"నూనె సల్లారుతాంది," అంది గిన్నె వైపు చూస్తూ.

"చేతులు అందడంల్యా అత్తా."

"ఖమర్‌బీ ఈరోజే పోవాల్నా."

"రేష్మాకు ఒళ్ళు బాగలేదంట, పాపం."

సీతాలక్ష్మి తల ఎత్తింది. "నాతో కొత్తిల్లు చూసేదానికని చెప్పె."

"కొత్తింట్లోనే ఒళ్ళు బాగలేదేమో."

అత్త కళ్ళు ఒక్క క్షణం సన్నబడ్డాయి. లోపలికి వచ్చింది, పీట దగ్గర వంగింది, నూనెగిన్నె మాత్రం తీసుకుని, తోమిన గిన్నె బదులుగా అక్కడ పెట్టి, వెళ్ళిపోయింది. ఖాళీ గిన్నె ప్రసన్న మొహం చూపిస్తూ మెరుస్తోంది, బుగ్గలు ఉబ్బి, ముక్కు వెడల్పై, ఈ నెలల్లో తన మొహం కూడా ఎవరిదో పెద్దమ్మదిలా అయింది. పొయ్యి వెలిగిన చప్పుడు. నీళ్ళలో నూనెగిన్నె పెట్టి వెచ్చ చేస్తుంది ఆమె, ఎప్పుడూ మంట మీద నేరుగా పెట్టదు, నూనెకు కూడా భయం పుట్టకుండా వేడి చేయాలన్నట్టు. మళ్ళీ వచ్చింది, మళ్ళీ పీట మీద పెట్టింది, మళ్ళీ వెళ్ళింది. గిన్నె పెట్టేటప్పుడు మాత్రం ఒక వేలు నూనెలో ముంచి వేడి చూసి, ఆ వేలు తన చెంపకు రాసుకుంది. పాత అలవాటు. ఆమెకే తెలియకుండా జరిగిపోయింది అది. ప్రసన్న చూసింది, చూసినదాన్ని ఎక్కడ దాచుకోవాలో తెలియక కిటికీ వైపు తిరిగింది.

ఎండ చాప మీద ఒక చెయ్యంత జరిగింది. లోపలివాళ్ళు కదలడం లేదు, ఇందాక టిఫిన్ అయినాక కాసేపు ఎగిరి ఇప్పుడు కునుకు తీస్తున్నట్టున్నారు, వాళ్ళకేం, లోపల చలి లేదు, నూనె లేదు, అత్తలు లేరు. ఎల్లుండి కారులో వేంపల్లె దాటితే అమ్మ నూనెల రాజ్యం, అక్కడ పొట్టకు రాసే చేతులకు కొదవ లేదు, అమ్మ, పిన్ని, పక్కింటివాళ్ళు, వరస కట్టి రాస్తారు. మరి ఇక్కడిదే ఎందుకు కావాలి. ఎందుకంటే అమ్మ చెయ్యి బిడ్డ కోసం పొట్ట మీదికి వస్తుంది, వచ్చి తీరుతుంది, అమ్మ కదా. ఈ చెయ్యి అలా రాదు. ఇది రాకుండా బిడ్డ పుట్టేస్తే రేపు ఆ బిడ్డను ఎత్తుకోవడానికి కూడా వెనకాడుతుంది, తొట్లో ఏడుస్తుంటే "ఖమర్‌బీని పిల్చకరాపో" అంటుంది. ఎత్తుకునే చేతులు పక్కింటివి, నాయనమ్మవి వెచ్చచేసిన పాలు మాత్రమే. ఒక బిడ్డ ఆ మాదిరి పెరగకూడదు. గిన్నె అంచున తెల్లగీత మళ్ళీ మొదలైంది, ఈసారి కళ్ళలో నీళ్ళ వల్ల రెండు గీతలుగా కనిపిస్తోంది.

అప్పుడు పక్కింట్లో కుక్కరు కూత పెట్టింది.

పెద్ద కూత. పెద్ద బీగం వేసిన ఇంట్లోంచి, పిట్టగోడ దాటి, పెరడు దాటి, రెండు ఇళ్ళకూ వినపడేట్టు నిండుగా మొదలై, ఎవరో దాని గొంతు పట్టుకున్నట్టు సగంలో ఆగిపోయింది. ఆ వెంటనే గరిటె కింద పడింది, "అరె అల్లా" అన్న గుసగుస కూడా ఈ గదిలోకి వచ్చి కూర్చుంది. ప్రసన్న పెదవి కొరుక్కుంది. వంటింట్లో గిన్నెలు నిశ్శబ్దం. నడవాలో అడుగులు, ఈసారి వేగంగా. సీతాలక్ష్మి గుమ్మంలో నిలబడి, నడుం మీద చెయ్యి పెట్టుకుని, చాలాసేపు కోడలిని చూసింది.

"ఖమర్‌బీ జమ్మలమడుగు నుంచి బిరీన వచ్చినట్టుండాదే."

"కుక్కరొక్కటే వచ్చిందేమో అత్తా."

సీతాలక్ష్మి నవ్వలేదు. నవ్వు రాకుండా బుగ్గ లోపలి వైపు కొరుకుతోందని మాత్రం ప్రసన్నకు కనిపించింది. ఆ తర్వాత ఆ బుగ్గ వణికింది, అది నవ్వు వల్ల కాదు. ఆమె వచ్చి చాప మీద కూర్చుంది. పొట్టకు ఎంత దూరం కుదురుతుందో అంత దూరంగా, కాళ్ళ దగ్గర. గిన్నె దగ్గరికి లాక్కుంది.

"ఇది టెంకాయదే గదా."

"టెంకాయదే."

"ఇంగేమీ కలపలేదు గదా దీంట్లో."

"మూత తీసింది నువ్వే గదత్తా."

"ఊ," అని, రెండు చుక్కలు చేతిలో వేసుకుని, అరచేతులు కలిపి రుద్ది, చెంపకు ఆనించుకుని, ప్రసన్న కుడిపాదం పట్టుకుంది. ప్రసన్న ఉలిక్కిపడి కాలు వెనక్కి లాక్కోబోయింది. "అత్తా, నువ్వు నా కాళ్ళు పట్టుకోవడం ఏంది, పాపం నాకు." "నీ కాళ్ళు ఎవరు పట్టుకుంటాండారు, వాపు చూస్తాండా, ఊరికే ఉండు," అంది. ఆ గరుకు. మూడేళ్ళ తర్వాత ఏట్లో నీళ్ళ కింద ఇసుక. పాదం ఉందన్నమాట నిజంగానే, వేళ్ళు అయిదూ ఉన్నాయి, ఆమె ఒక్కొక్కదాన్నే తాకుతూ తిరిగి ఇస్తోంది. మడమ, చీలమండ, పిక్క. పిక్క దాకా వచ్చి మళ్ళీ పాదానికి వెళ్ళిపోయింది. మళ్ళీ పిక్క. ఈసారి మోకాలు. ఒకరి గుమ్మం దాకా వచ్చి తలుపు తట్టలేక వీధి చివరికి వెళ్ళి మళ్ళీ వచ్చే మనిషి నడక అది, మాట్లాడితే చెదిరిపోతుంది, నోటిదాకా వచ్చిన చమత్కారమొకటి ప్రసన్న జీవితంలో మొదటిసారి మింగేసింది. వీపుకు రాసింది అత్త, వెనక్కి వచ్చి కూర్చుని, వెన్ను పొడుగునా, నడుం దగ్గర నొప్పి ఉండే చోటును అడగకుండానే కనుక్కుని. ఆ తర్వాత ముందుకు వచ్చింది. నూనె చేతులు పొట్ట మీదికి లేచాయి, లేచి ఆగిపోయాయి. గాలిలో. చర్మానికి, అరచేతికి మధ్య ఒక వేలెడు ఎడం. ఆ చేతుల వెచ్చదనం పొట్టకు తెలుస్తోంది, చేతులు మాత్రం రావడం లేదు, ఒక చుక్క నూనె జారి బొడ్డు పక్కన పడింది. సీతాలక్ష్మి కళ్ళు మూసుకుంది. "నా శాత గాదు పాపా," అంది, గొంతు లేదు, పెదవులే కదిలాయి.

ఆ వేలెడు ఎడాన్ని దాటింది ఆమె కాదు. లోపల కునుకు తీస్తున్నవాళ్ళకు వెచ్చదనమే తగిలిందో, చుక్క పడిన చప్పుడే వినపడిందో, పొట్ట ఎడమవైపు ఒక్కసారిగా ఉబ్బి, మడమో మోచెయ్యో, గుండ్రంగా, మొండిగా పైకి లేచి, ఆ గరుకు అరచేతి మధ్యన వచ్చి ఆనింది. ఆని అక్కడే ఉంది. సీతాలక్ష్మి చెయ్యి తీయలేదు. కళ్ళు తెరిచి, చేతిని కాదు, కోడలి మొహాన్ని చూసింది, చిన్నపిల్ల తప్పు చేసి పట్టుబడినప్పుడు చూసినట్టు, ఆ పైన మెల్లగా రెండో చెయ్యి కూడా దించింది.

"నెమ్మదిగా సీతక్కా!" పిట్టగోడ అవతలి నుంచి జమ్మలమడుగు మాట్లాడింది. "గట్టిగా రుద్దొద్దు! డాక్టరమ్మ చెప్పింది గదా!"

"ఆడనుంచి అంత బాగా కనపడతాండాదా నీకు?" సీతాలక్ష్మి కేకేసింది, కళ్ళనీళ్ళు చెంప మీది నూనెలో జారిపోతుంటే. "నోరు మూసుకుని నీ పప్పు చూసుకోపో! మాడు వాసన ఈడికొస్తాండాది!"

గిన్నె అంచున పేరుకున్న తెల్లగీతను వేలితో చుట్టూ తీసి, అరచేతుల మధ్య కరిగించి, ఎవరినీ అడగకుండా పొట్ట కింది సగానికి వెళ్ళింది ఆమె. మెత్తగా. ఎవరో చదువుతున్న పుస్తకం మీద దుమ్ము తుడిచినట్టు. కాసేపయ్యాక, మాట ఎటు నుంచి వచ్చిందో తెలియనట్టు అంది.

"ఎల్లుండి మీ నాయన వచ్చేటప్పుడు, మీ ఊర్లో గానుగ కాడ ఒక సీసా నువ్వులనూనె పట్టకరమ్మను."

"దేనికత్తా?"

"ఉసిరికాయలు వచ్చినాయంట అంగట్లోకి. ఈ తూరన్నా ఊరగాయ సరిగ్గా పెడదాం. ఆ శెనిక్కాయల నూనెది తినలేక మీ మామ మూడేండ్లుగా చస్తాండాడు, నాకు తెల్దనుకుంటాండాడు."

వసారాలో మామ పేపరు తిరగేస్తున్న చప్పుడు ఆగిపోయింది.